మూత కింది నీరు

తుఫాను రాలేదు. నీలవేణికి వచ్చిన చిక్కల్లా అదే.

అక్టోబరులో బంగాళాఖాతం నడిమధ్య పుట్టిన ఆ తుఫాను నేరుగా విశాఖ వైపే వచ్చింది. తీరానికి ఇంకొక పగటి దూరం ఉందనగా నీరసపడింది. గాలి తగ్గి, మేఘం చెదిరి, చివరికి భీమిలి మీద మామూలు వానగా కురిసి పోయింది. తీర జలాల పరిశోధన కేంద్రంలో ఆ పూట మిఠాయిలు పంచుకున్నారు. మర్నాడు విలేకరుల సమావేశంలో మొట్టమొదటి ప్రశ్న ఇది.

"మేడమ్, మీ యంత్రం లేకపోయినా ఆ తుఫాను బలహీనపడేదేమో కదా?"

"పడేదేమో. అలా జరగదని ఖాయంగా చెప్పలేను," అంది ఆ యంత్రాన్ని రూపొందించిన శాస్త్రవేత్త నీలవేణి.

పక్కన కూర్చున్న డైరెక్టరు సోమయాజులు గారు గొంతు సవరించుకుని మైకు తనవైపు లాక్కున్నారు. సమావేశం అయ్యాక ఆమెను గదిలోకి పిలిచి, "ఏడేళ్ల పని నీది. ఒక్క మాటలో నీళ్లపాలు చేశావు," అన్నారు.

"ఉన్నమాటే చెప్పాను సార్."

"ఉన్నమాట పేపర్లో రాసుకో. మైకు ముందు ఎందుకు?"

ఆ యంత్రానికి కాగితాల మీద బారెడు పేరుంది. అది ఎవరికీ నోరు తిరగదు. అందరూ కవ్వం అనేవారు. కళింగపట్నం నుంచి కాకినాడ దాకా, తీరానికి దూరంగా, వేల కొద్దీ డ్రమ్ములు బారులు తీరి తేలుతుంటాయి. ఒక్కొక్క డ్రమ్ము కింద మూడు తాటిచెట్ల పొడవున్న గొట్టం వేలాడుతుంటుంది. అల లేచినప్పుడల్లా డ్రమ్ము లేస్తుంది, గొట్టంలో కవాటం తెరుచుకుంటుంది, అడుగు నీరు ఒక గుక్క పైకొస్తుంది. కరెంటుతో పనిలేదు. అలలే తిప్పుకుంటాయి. కేంద్రంలో కూర్చుని కవాటాలు తెరవమనీ, మూయమనీ ఆజ్ఞ పంపితే చాలు.

దాని అవసరమేమిటో నీలవేణి వందసార్లు చెప్పింది. గంగ, మహానది, వంశధార, గోదావరి, వానాకాలమంతా తెచ్చిపోసిన మంచినీరు సముద్రం మీద పల్చటి మూతలా పరుచుకుంటుంది. తేలికైన నీరు కనుక కింది ఉప్పునీటిలో కలవదు. అక్టోబరు ఎండకు ఆ మూత వేడెక్కుతుంది. వచ్చిన తుఫాను ఆ వేడిని తిని బలుస్తుంది. మూతను చెదరగొట్టి కింది చల్లటి నీటిని పైకి తెస్తే తుఫానుకు తిండి ఉండదు. ఇంతే సంగతి. ఇంత చెప్పాక విలేకరులు మర్నాడు క్షీరసాగర మథనం అని రాశారు. అమృతం ఎప్పుడు వస్తుందని ఒక చానెల్ వాళ్లు అడిగారు కూడా.

అమృతం రాలేదు కానీ, నాలుగు రోజుల తర్వాత పైడిరేవు ఒడ్డుకు పీతలు వచ్చాయి.

పైడిరేవు నీలవేణి పుట్టిన ఊరు. ఆమె ఇంటిపేరున్న మైలపల్లి వారి ఇళ్లు అక్కడ పది దాకా ఉంటాయి. తెల్లవారేసరికి పీతలు గుంపులు గుంపులుగా ఇసక మీదికి పాకి వచ్చాయి. ఆడవాళ్లు సంబరపడి తట్టలు తెచ్చుకున్నారు. కాసేపటికి పాముచేపలు, టేకు చేపలు, కానాగంతలు, కళ్లు తేలేసి అలల్లో కొట్టుకొచ్చాయి. పొద్దెక్కేసరికి ఒడ్డంతా చచ్చిన చేపలతో తెల్లబడింది. ఆ తర్వాత వేటకెళ్లిన బోట్లు ఖాళీగా తిరిగొచ్చాయి. మర్నాడూ అంతే. నెల గడిచినా అంతే.

నీలవేణి అన్న ఇంటికి వెళ్లేసరికి దానయ్య అరుగు మీద వల ముందేసుకుని కూర్చున్నాడు. దానికి చిరుగు లేదు. ఊరికే ముందేసుకున్నాడు.

"రా," అన్నాడు. కూర్చోమనలేదు.

నీలవేణి కూర్చుంది. లోపల్నుంచి వదిన ముత్యాలమ్మ టీ తెచ్చి పెట్టి, "అన్నం తింటావేటి? కోడిగుడ్డు కూర. సేప లేదు మరి," అంది. ఆ మాట ఎత్తిపొడుపో, ఉన్న సంగతో తెలియలేదు.

"సేపలు ఊపిరాడక సచ్చినాయని నీ ఆఫీసోళ్లు కాగితం అంటించినారు," అన్నాడు దానయ్య. "నీళ్లలో ఉండే సేప ఊపిరాడక సావడమేటి?"

"నీళ్లలో కలిసిన గాలినే కదా అవి పీల్చేది. కింద ఉన్నది పాత నీరు అన్నయ్యా. ఏళ్ల తరబడి గాలి మొహం చూడని నీరు. దాన్ని కవ్వం పైకి తెచ్చింది. పైన అది గాలి పీల్చుకుని తేరుకునేలోపే ఆ వారం ప్రవాహం దారి మారి మీ ఒడ్డుకు తోసేసింది."

"మీ ఒడ్డా? నీది కాదేటి?"

నీలవేణి టీ గ్లాసు కింద పెట్టింది. "మన ఒడ్డుకు. అది నడిసంద్రంలోకి పోతుందనుకున్నాం."

"అనుకున్నారు."

"ఆ తుఫాను వచ్చుంటే ఈ ఇళ్లే ఉండేవి కావు."

"రాలేదు గదా."

"రాలేదు కాదు. మేం రానివ్వలేదు."

"అదెవుడు సూసినాడు?" అన్నాడు దానయ్య. "సచ్చిన సేపని అందరం సూసినాం."

ఆమెకు ఒక్కసారిగా ఒంట్లో ఓపిక అంతా అయిపోయినట్టనిపించింది. విలేకరులు అడిగినదీ ఇదే. మంత్రిగారి పేషీలో అడిగినదీ ఇదే. ఇప్పుడు తోడబుట్టినవాడు. జరగనిదాన్ని తెచ్చి ఎవరి ముందు పెట్టగలదు?

ముత్యాలమ్మ తండ్రి పోలయ్య అప్పుడే వచ్చాడు. కూతురింట్లో ఉండమంటే వినకుండా ఒడ్డున తెప్ప పక్కనే పాక వేసుకుని ఉండే మనిషి. సంగతి విని నవ్వాడు.

"ఆ పిల్లనొగ్గీండ్రా. గెంగమ్మతో పని ఎట్టుకుంటే ఒకపాలి తిడద్ది, ఒకపాలి పెడద్ది. అమ్మీ, తిన్నావా నువ్వు?"

ఆ ఇంట్లో ఆ పూట ఆమెను సూటిగా చూసి మాట్లాడినవాడు ఆయనొక్కడే. వెళ్లేటప్పుడు దాచుకున్న ఎండు నెత్తళ్లు పొట్లం కట్టి చేతిలో పెట్టాడు.

మత్స్యకార గ్రామాలన్నీ రోడ్డెక్కాయి. దానయ్యే ముందు నడిచాడు. కలెక్టరాఫీసు ముందు కవ్వం దిష్టిబొమ్మ తగలబెట్టారు. అది ఎలా ఉంటుందో ఎవరికీ సరిగ్గా తెలియక మజ్జిగ చిలికే కవ్వాన్నే పెద్దది చేసి తగలబెట్టారు. ప్రభుత్వం కవాటాలన్నీ మూసేయమంది. నీలవేణి మారుమాటాడకుండా మూయించింది. చేపల విషయంలో తప్పు తమదేనని ఆమెకు తెలుసు. కవ్వాన్ని జరపవలసిన చోటు, నడపవలసిన తీరు, అన్నీ కొత్తగా లెక్క కట్టడం మొదలుపెట్టింది. వచ్చే అక్టోబరుకు చేపను చంపకుండా తుఫానును ఆపగలమని ఇంజనీరు బషీరుతో అంది. డ్రమ్ములన్నీ తన చేతుల మీదుగా దించినవాడు అతను.

డిసెంబరు మొదట్లో అండమాన్ దగ్గర అల్పపీడనం పుట్టింది. అది వాయుగుండమై, తుఫానై, ఉత్తరాంధ్ర వైపు తిరిగింది. ఆ ఉదయం నుంచీ నీలవేణి ఫోను ఆగలేదు. అక్టోబరులో ఆమెను జైల్లో పెట్టమన్న నాయకుడే ఫోను చేసి, "ఏం తల్లీ, మీ మిషను ఇంకా తిప్పలేదేం?" అని అడిగాడు.

ఆమె ఫోను పక్కన పెట్టేసింది. డ్రమ్ములకు కట్టిన పరికరాలు పంపిన అంకెలు తెర మీద చూస్తోంది. బషీరును పిలిచింది.

"పైన వేడి ఎంతుంది?"

"ఇరవై అయిదున్నర."

"కింద?"

బషీరు చూశాడు. మళ్లీ చూశాడు. "ఇరవై ఎనిమిది. పరికరం చెడిందేమో మేడమ్."

"అన్నీ ఒక్కసారే చెడవు. ఉప్పు చూడు."

పై నీటిలో ఉప్పు తక్కువ. కింద బాగా ఎక్కువ. ఉప్పూ వేడీ కలిపి చూస్తే ఏ నీరైనా తన ఇంటిపేరు చెప్పేస్తుంది. పైనున్నది ఉత్తరాది నదుల నీరు. నెల రోజుల ఉత్తరపు గాలికి చల్లబడింది. తేలిక నీరు కనుక చల్లబడ్డా మునగక పైనే ఉండిపోయింది. కిందది ఇక్కడి నీరే కాదు. వేసవిలో అరేబియా సముద్రంలో ఎండకు మరిగి, సింహళం చుట్టూ తిరిగి బంగాళాఖాతంలో చొరబడిన ఉప్పునీరు. తెచ్చుకున్న వేడి బయటికి పోకుండా మూత కింద దాక్కుంది. మామూలుగా అది ఇంత ఉత్తరానికి, ఇంత మందంగా రాదు. ఈ ఏడు వచ్చింది.

"ఇప్పుడు కవాటాలు తెరిస్తే..." అని బషీరు ఆగిపోయాడు.

"నిప్పులో నెయ్యి పోసినట్టే," అంది నీలవేణి.

సోమయాజులు గారు అంతా విన్నారు. మంచివాడే. సముద్రం సంగతి తెలియనివాడు కాదు. అంకెలు చూసి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"నీ లెక్క తప్పే అవకాశం ఉందా?"

"ఉంది. నూటికి పది."

"పది," అని ఆయన ఆ మాటను గట్టిగా పట్టుకున్నారు. "చూడు నీలవేణీ. మనం కవ్వం తిప్పి, అయినా తుఫాను కొడితే, ప్రయత్నించాం పాపం అంటారు. తిప్పకుండా కొడితే, చేతిలో యంత్రం పెట్టుకుని చోద్యం చూశారంటారు. సచివాలయం నుంచి గంటకోసారి ఫోను. నేనేం చెప్పను?"

"తిప్పితే ఎక్కువవుతుందని చెప్పండి."

"అక్టోబరులో తిప్పితే తగ్గుతుందని చెప్పినది నువ్వే. డిసెంబరులో తిప్పితే పెరుగుతుందని చెప్పేదీ నువ్వే. వినేవాడికి పిచ్చెక్కదూ?"

"నీరు మారింది సార్. నేను మారలేదు."

"నీరు నీరే అంటారు వాళ్లు."

"అది సముద్రం సార్, బిందెడు నీళ్లు కాదు," అనేసింది ఆమె. గొంతు పెరిగిందని తర్వాత తెలిసింది. "అందులో ఏ నీరు ఎక్కణ్ణించి వచ్చిందో చూడకుండా తిప్పడానికి నేనెందుకు, మీరెందుకు? వాచ్‌మన్ చాలు."

తెరవమనే ఆజ్ఞ వెళ్లాలంటే ఆమె అనుమతీ, డైరెక్టరు అనుమతీ రెండూ ఉండాలి. ఆమె ఇవ్వనంది. అయితే ఆమె లేకుండానే తెరిచేందుకు పైనుంచి ఉత్తర్వు తెప్పిస్తానన్నారు ఆయన. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా విడిపోయారు.

గేటు దగ్గర పైడిరేవు జనం ఉన్నారు. రెండు వ్యాన్లలో వచ్చారు. ముందు దానయ్య.

"తిప్పు," అన్నాడు. "సేపలు పోతే పోనీ. ఈపాలి మేమేటీ అనం. రాసిచ్చీస్తాం."

నీలవేణికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "తిప్పితే ఎక్కువవుతుంది అన్నయ్యా."

జనంలో గోల లేచింది. అప్పుడు తిట్టామని ఇప్పుడు కక్ష కట్టిందని ఎవరో అన్నారు. దానయ్య చెయ్యెత్తి వాళ్లను ఆపాడు కానీ, అతని మొహంలోనూ అదే మాట ఉంది. నీలవేణి వాళ్ల మధ్యలోంచి అతని దగ్గరికి నడిచింది. అతని మణికట్టు పట్టుకుని, చిన్నప్పుడు అతను తనను బడికి లాక్కుపోయినట్టు, హార్బరు దాకా లాక్కుపోయింది.

సముద్రం ఆ మధ్యాహ్నం ఇంకా నున్నగానే ఉంది. కేంద్రం వారి పడవలో కవ్వం దాకా వెళ్లారు. ఒక బకెట్టుతో పై నీరు తోడించింది. అడుగు నీరు పట్టే సీసాను తాడుతో కిందికి దింపి, మూత పడ్డాక పైకి లాగించి రెండో బకెట్టులో పోయించింది.

"చేతులు పెట్టు. ఒకటి ఇందులో, ఒకటి అందులో."

దానయ్య పెట్టాడు. కాసేపు ఉంచాడు. చేతులు తీసి, మార్చి మళ్లీ పెట్టాడు. ఇంకొకసారి తోడమన్నాడు. ఈసారి తాడు తనే లాగాడు. అదే వెచ్చదనం.

"కింద సల్లగుండాల గదా."

"ఉండాలి. అక్టోబరులో ఉంది. ఇది వేరే సముద్రం నుంచి వచ్చిన నీరు."

అతను గట్టుకేసి చూశాడు. "మరైతే నువ్వేటి సేస్తావు?"

"ఏమీ చెయ్యలేను. నువ్వే ఊరు ఖాళీ చేయించాలి."

దానయ్యకు కోపం వచ్చింది. నిజం అబద్ధం కానందుకు వచ్చే కోపం అది. "ఇంత సదువు సదివి, ఇన్నేళ్లు సంద్రంలో డ్రమ్ములేసి, ఆకరికి ఊరొగ్గీసి పొమ్మంటావేటి? ఆ మాట మా తాత కూడా సెప్పీవోడు."

"అంతే అన్నయ్యా. ఈసారికి నా దగ్గర అంతకన్నా లేదు."

ఒడ్డుకొచ్చాక అతను వెనక్కి చూడకుండా గేటు దగ్గరి వ్యాను దాకా నడిచి ఎక్కాడు. కానీ వ్యాను కదలకముందే లోపల అతని గొంతు వినబడింది. ముందు ముసలోళ్లనీ పిల్లల్నీ ఎక్కించాలంటున్నాడు. ఎవరో ఎదురు మాట్లాడారు. "నాను సెయ్యెట్టి సూసినాను," అని అరిచాడు.

మర్నాడు పొద్దున్నే కబురు వచ్చింది. పైనుంచి ఉత్తర్వు సంతకమైంది. గంటలో చేతికొస్తుంది. వచ్చిన వెంటనే డైరెక్టరు ఒక్కరే కవాటాలు తెరవవచ్చు.

నీలవేణి తెర ముందు కూర్చుంది. ఓడ ఏదైనా గొట్టాల్లో చిక్కుకుంటే తక్షణం విడిపించడానికి ఒక ఏర్పాటు ఉంది. దానికి ఆమె అనుమతి ఒక్కటే చాలు. ఆజ్ఞ అందితే డ్రమ్ముకూ గొట్టానికీ మధ్య కొక్కెం ఊడిపోతుంది. గొట్టం అడుగుకు పోతుంది. అది ఒక్కొక్క డ్రమ్ముకు వాడవలసింది. అన్నింటికీ కలిపి వాడవలసి వస్తుందని ఎవరూ ఊహించలేదు.

బషీరు వెనక నిలబడి చూశాడు. ఏం చేయబోతోందో అతనికి అర్థమైంది.

"మేడమ్. మళ్లీ దించలేం. ఎవరూ డబ్బివ్వరు."

"తెలుసు."

"వచ్చే అక్టోబరుకి ఇది కావాలి. అప్పుడు పనికొస్తుంది."

"అది కూడా తెలుసు బషీర్." ఆమె గొంతులో విసుగు తప్ప ఇంకేమీ లేదు. "సరైన నీటిలో తిప్పమంటే ఆపేస్తారు. తప్పు నీటిలో వద్దంటే తెరుస్తారు. వీళ్ల చేతిలో దీన్ని ఎలా ఉంచను?"

బషీరు కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. ఒక్కొక్క బారు పేరూ అతనే చదివాడు. ఆమె ఆజ్ఞలు పంపింది. తెర మీద పచ్చటి చుక్కలు ఒక్కొక్కటే ఎర్రబడ్డాయి. కళింగపట్నం, భీమిలి, పూడిమడక, కాకినాడ. సోమయాజులు గారు ఉత్తర్వు కాగితం పట్టుకుని వచ్చేసరికి తెరవడానికి ఏమీ మిగల్లేదు. ఆయన తెర వైపూ, కాగితం వైపూ చూసి కుర్చీలో కూలబడ్డారు. తిట్టలేదు. "నన్ను అడిగి ఉంటే వద్దనేవాణ్ణి," అన్నారు. ఆయన గొంతులో ఒక బరువు దిగినట్టు కూడా ఉంది. ఆ సాయంత్రమే ఆమెను సస్పెండు చేసే కాగితం మీద సంతకం పెట్టింది మాత్రం ఆయనే.

తుఫాను వచ్చింది. ఎలా రాగలదో అలాగే వచ్చింది. పైడిరేవులో ఒడ్డు వైపు రెండు వరసల ఇళ్లు పోయాయి. బోట్లు ఒకదాని మీదొకటెక్కి చెక్కలయ్యాయి. ఊరంతా కొండవాలు బడిలో తలదాచుకుని బతికింది. పోలయ్య ఒక్కడే దక్కలేదు. బడిలో అందరితోపాటు కూర్చున్న మనిషి, తెప్పకు ఇంకొక తాడు కట్టి వస్తానని ఎవరికీ చెప్పకుండా దిగిపోయాడు.

విచారణ సంఘం వేశారు. కవ్వం ఉండి ఉంటే నష్టం తగ్గేది కాదా అని సంఘం వారు అడిగారు. పెరిగేదని నీలవేణి అంది. రుజువేమిటన్నారు. తుఫాను సముద్రాన్ని కలియతిప్పేసింది కనుక కింది వేడి నీరు ఇప్పుడు లేదనీ, ముందు తీసిన అంకెలే ఉన్నాయనీ చెప్పింది. అంటే అక్టోబరులోలాగే ఇప్పుడు కూడా రుజువు లేదన్నమాట, అన్నాడు ఒకాయన. అవునంది. మూడుసార్లు పిలిచారు. మూడుసార్లూ అదే అడిగారు.

మూడోసారి అయ్యాక ఆమె తిన్నగా పైడిరేవు వెళ్లింది. అన్న ఇంటి గోడలు నిలిచాయి, కప్పు లేదు. దానయ్య ఊళ్లోవాళ్లతో కలిసి రేకులు మోస్తున్నాడు. ఆమెను చూసి తలాడించి పనిలో పడ్డాడు. నీ చెల్లెలి మాట విని మమ్మల్ని ముంచావని సగం ఊరు అతనితో మాట్లాడటం లేదు. మిగతా సగం బతికినందుకు మాట్లాడుతోంది.

ముత్యాలమ్మ పెరట్లో బురద పట్టిన బట్టలు ఉతుకుతోంది. నీలవేణి పక్కన కూర్చుని ఒక దుప్పటి కొస పట్టుకుంది. ఇద్దరూ పిండారు. ఇంకొకటి పిండారు.

"ఒక్క మాట అడుగుతాను," అంది ముత్యాలమ్మ తలెత్తకుండా. "నువ్వా మిసను తిప్పుంటే మా అయ్య బతికీవోడా?"

"లేదు వదినా. ఇంకా నీరు పైకొచ్చేది. బడి దాకా వచ్చేదేమో."

"కాయమేనా?"

ఇన్ని నెలలుగా అందరూ అడిగిన మాటే. ఖాయం అని ఒక్క మాట అంటే ఈ మనిషికైనా కాస్త ఊరట. నోటిదాకా వచ్చింది. నీలవేణి దుప్పటి మడత విప్పి మళ్లీ మడిచింది.

"నూటికి తొంభై," అంది.

ముత్యాలమ్మ చేతులు ఆగాయి. కప్పు లేని ఇంట్లో మొగవాళ్లు రేకు దించిన చప్పుడు వినబడింది.

"అయితే ఆ పది నాకొగ్గీయ్," అంది. "నిన్ను తిట్టుకోడానికి నాకేటో ఒకటుండాల."

"ఉంచుకో వదినా."

ముత్యాలమ్మ తొట్టిలోంచి తండ్రి పంచె తీసి, రెండో కొస ఆమె చేతికిచ్చింది.